లేమి ఒకటే, చూపులే వేరు
కవి పేదరికానికి పద్యం దక్కింది, రైతు పేదరికానికి వెక్కిరింత దక్కింది. ఇక లక్ష్మీదేవి కథను చేట మీద పాడే బస్తర్ ఆడవాళ్ల లెక్క వేరే.

గీదం వారపు సంతకు చుట్టుపక్కల పల్లెల నుంచి తలల మీద గంపలతో, భుజాన కావళ్లతో జనం వస్తారు. ఆడవాళ్లు ఇప్పపువ్వునూ చింతపండునూ గుడ్డ మీద కుప్పపోసి కూర్చుంటారు. బస్తర్ సంతల్లో పాత కొలతల పేర్లు పైలీ, సోలీ. రెండో మాట చెవిన పడగానే తెలుగువాడికి సోల గుర్తుకు రాక మానదు. కొనేవాడిని కోచియా అంటారు. అడవి సరుకును చిల్లరగా పోగేసి పెద్ద వ్యాపారికి చేరవేసే మారుబేరగాడన్నమాట. అమ్మగా వచ్చిన డబ్బు ఉప్పుకీ నూనెకీ సబ్బుకీ ఎండుచేపలకీ పోతుంది. పొద్దు వాలేసరికి కొంగున మిగిలేది తక్కువే.

ఈ మనిషిని చూసేవాళ్లు ముగ్గురు. ప్రభుత్వ కాగితం ఆమెను దారిద్ర్యరేఖకు దిగువన కూర్చోబెడుతుంది. దుకాణదారు దృష్టిలో ఆమెకు రేపటికి దాచుకోవడం తెలియదు, జాతర వస్తే ఇంట్లో ఉన్నదంతా ఊడ్చేస్తుంది. కెమెరా మెడలో వేసుకుని వచ్చిన నగరవాసికేమో ఆశల్లేని నిరాడంబర జీవితం కనిపించి ముచ్చటేస్తుంది. జాలి, మందలింపు, ముచ్చట. ఈ మూడూ ఇవాళ పుట్టినవి కావు. తెలుగు, సంస్కృత కావ్యాలు వందల ఏళ్లుగా పేదవాణ్ని చూస్తున్నది ఈ మూడు కిటికీల్లోంచే. ఎవరికి సాయం చేయాలి, ఎవరికి బుద్ధులు చెప్పి పంపాలి అన్నది కూడా ఆ కిటికీలను బట్టే తేలుతూ వచ్చింది.

తెలుగు సాహిత్యానికీ గీదానికీ ఏమిటి సంబంధం అని అడగవచ్చు. గీదం నుంచి ఇరవై కిలోమీటర్లకు అటూ ఇటూగా బార్సూర్ ఉంది. మామా-భాంజా గుడి, బత్తీసా గుడి, జంట వినాయకులు ఉన్న ఊరు. ఛిందక నాగవంశపు రాజుల కాలంలో అది పెద్ద పట్టణం. అక్కడ దొరికిన 1060 నాటి శాసనం తెలుగులో ఉంది. నాగరాజు జగదేకభూషణ ధారావర్షుడి సామంతుడు చంద్రాదిత్యుడు శివాలయం కట్టించి, చెరువు తవ్వించిన సంగతి అందులోని విషయం. అటు రాజమహేంద్రవరంలో రాజరాజ నరేంద్రుడి (1022-1061) ప్రాపున నన్నయ మహాభారతాన్ని తెలుగు చేసిన కాలానికే ఇటు ఇంద్రావతి ఒడ్డున రాతి మీద తెలుగు చెక్కారు. 1323లో ఓరుగల్లు పతనమయ్యాక ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు ఇటు వచ్చి రాజ్యం స్థాపించాడని బస్తర్ రాజవంశం చెప్పుకుంటుంది. 1960లలో ఇనుప ఖనిజం కోసం వేసిన కిరండూల్-కొత్తవలస రైలుమార్గం గీదాన్ని నేరుగా విజయనగరం జిల్లాకు, అంటే గురజాడ గడ్డకు కలిపింది. దారి పాతదే. సరుకే మారింది.

నన్నయ తెలుగు చేసిన ఆదిపర్వంలోనే పేదరికపు ప్రసిద్ధ కథ ఒకటుంది. ద్రోణుడి కొడుకు అశ్వత్థామ తోటిపిల్లలు పాలు తాగుతుంటే చూసి తనకూ కావాలని ఏడుస్తాడు. పిండి కలిపిన నీళ్లను పాలని చెప్పి వాడికి తాగించే ఘట్టం వ్యాసభారతంలో ఉంది. ఆ అవమానం భరించలేక ద్రోణుడు చిన్ననాటి స్నేహితుడు ద్రుపదుడి దగ్గరికి వెళతాడు. రాజుకీ పేదకీ స్నేహమేమిటని ద్రుపదుడు తోసిపుచ్చుతాడు. అక్కడి నుంచి రాజుకున్న పగ కురుక్షేత్రం దాకా మండుతూనే ఉంటుంది. ఒక పిల్లవాడి గ్లాసెడు పాలు ఎంత దూరం తీసుకెళ్లాయో చూడండి.

భాగవతంలోని కుచేలుడిది సరిగ్గా దీనికి ఎదురు కథ. స్నేహితుడు రాజే, వెళ్లినవాడు పేదే. కానీ కృష్ణుడు ఎదురొచ్చి కాళ్లు కడుగుతాడు. ఈ కథలో అందరికీ గుర్తుండేది అటుకుల మూట. అంతగా గుర్తుండనిది కుచేలుడి భార్య. ఆకలి గురించి మొదట నోరు విప్పేది ఆమె, భర్తను బయల్దేరదీసేది ఆమె. సంస్కృత భాగవతం ప్రకారం ఆ నాలుగు గుప్పెళ్ల అటుకులు కూడా ఇరుగుపొరుగును అడిగి తెచ్చినవే. భర్త అడగడానికి నోరు రాక ఊరుకుంటే దాన్ని వైరాగ్యమన్నారు. ఇల్లు నడపాల్సినామెకు ఆ సౌకర్యం లేదు.

ద్రోణుడూ కుచేలుడూ చదువుకున్న బ్రాహ్మణులు. శూద్రకుడి మృచ్ఛకటికంలో చారుదత్తుడు దానాలు చేసి చితికిపోయిన పెద్దమనిషి. అతడి ఇంటికి కన్నం వేసిన దొంగకు వాద్యాలు తప్ప విలువైన వస్తువేదీ కనబడదు. అతడి కొడుక్కి బంగారు బండి కాదు, మట్టి బండే గతి. నాటకానికి పేరొచ్చింది ఆ మట్టి బండి వల్లే. ఇలా కావ్యాల్లో మన సానుభూతి కొట్టేసే పేదలంతా ఒకప్పుడు ఉన్నవాళ్లో, ఉండదగినవాళ్లో. పుట్టు పేదకు నాయకుడి వేషం అరుదు.

ఈ తేడా బాగా బయటపడేది శ్రీనాథుడి దగ్గర. ప్రౌఢదేవరాయల కొలువులో కనకాభిషేకం చేయించుకున్న కవిసార్వభౌముడు ఆయన. పల్నాడు వెళితే అక్కడ వరి లేదు, అన్నీ జొన్నలే. జొన్నకూడు, జొన్న అంబలి తినే ఆ సీమను ఎగతాళి చేస్తూ ఆయన పేర చాటువులు ప్రచారంలో ఉన్నాయి. తెలుగువాళ్లు ఇప్పటికీ అవి చదివి నవ్వుకుంటారు. వానలు తక్కువైన నల్లరేగడిలో జొన్న పండించుకుని బతకడం తెలివైన సేద్యమన్న ఊహ అందులో లేదు. సన్నబియ్యం తినేవాడి నాలుకే అక్కడ కొలబద్ద. బస్తర్ పల్లెల్లో చోళ్లతో కాచే 'మండియా పేజ్' అనే అంబలిని చూసి ముక్కు విరిచే మైదానపు ఉద్యోగి తనకు తెలియకుండానే ఆ చాటువుల వారసుడు.

కాలం శ్రీనాథుడి లెక్క కూడా సరిచేసింది. కొండవీటి రెడ్ల రాజ్యం పోయింది, ఆశ్రయం పోయింది. చాటు సంప్రదాయం చెప్పేదాన్ని బట్టి, చివరి రోజుల్లో బొడ్డుపల్లెలో భూమి గుత్తకు తీసుకున్నాడు. కృష్ణ వరద పైరును తీసుకుపోయింది. కట్టాల్సిన 700 టంకాలు కట్టలేక నలుగురి ఎదుటా భుజాన రాయి మోసే శిక్ష అనుభవించాడు. కౌలు రైతు కష్టం తెలుగు పద్యంలోకి నిండుగా వచ్చింది అప్పుడే. అది కూడా మహాకవి తలకు చుట్టుకున్నాక.

పక్కనే పోతన బొమ్మ పెట్టడం మనకు అలవాటు. బమ్మెరలో సేద్యం చేసుకుంటూ, రాజుకు భాగవతాన్ని అంకితమివ్వనని రాముడికిచ్చిన కవి. ఇద్దరూ బావామరుదులన్న కథకు చారిత్రక ఆధారం లేకపోయినా జనం వదల్లేదు. ఒకే ఇంట్లో రెండు జీవన విధానాలు ఉంటే పోల్చడం తేలిక కదా. ఇక్కడ ఒక చిన్న ముల్లు ఉంది. రాజుగారి భోగస్త్రీ మీద రాసిన భోగినీ దండకం కూడా పోతన పేరనే చలామణీ అయింది. అది ఆయనదేనా అన్న మీద పండితులు ఇంకా తగవు పడుతున్నారు. ఆయనదే అయితే పోతన నిరాడంబరత పుట్టుకతో వచ్చిన లేమి కాదు, రెండో వైపు చూసి వచ్చి ఎంచుకున్న దారి. ఎంచుకోగలిగిన పేదరికం ఒకటి, తప్పించుకోలేనిది ఒకటి. ఈ రెంటికీ తెలుగులో ఒకే మాట వాడటం వల్ల చాలా గందరగోళం జరిగింది.

అమెరికాలో హెన్రీ డేవిడ్ థోరో సంగతీ ఇంతే. వాల్డెన్ చెరువు ఒడ్డున తన గుడిసెకు 28 డాలర్ల పన్నెండున్నర సెంట్లు ఖర్చయిందని 1854 నాటి పుస్తకంలో పైసలతో సహా లెక్క రాశాడు. విసుగొస్తే తిరిగి ఊళ్లోకి వచ్చే వీలు ఆయనకుంది. రెండేళ్ల చిల్లర తర్వాత వచ్చేశాడు కూడా.

పొదుపు దగ్గరికి వస్తే మన కావ్యాలకు మరో ఇబ్బంది. కవి బతికేది దాత మీద. దాత మూట విప్పకపోతే కవి పస్తు. అందుకే లోభిని తిట్టడం తెలుగు సాహిత్యంలో దాదాపు వృత్తిధర్మంగా సాగింది. తేనెటీగ కూడబెట్టింది దారినపోయేవాడి పాలవుతుందని వేమన హెచ్చరించాడు. దానం చేయని, అనుభవించని డబ్బుకు నాశనమే గతి అని భర్తృహరి మూడు ముక్కల్లో తేల్చాడు. వేమనకు ఆస్థానం లేదు, ఆయన కోపం కవిజీతం గురించి కాదు. కానీ తక్కిన చాలామంది విషయంలో ఈ నీతి వెనుక కాస్త స్వప్రయోజనం ఉంది. దాచుకునేవాడంతా పిసినారే అన్న ముద్ర అలా బలపడింది.

బద్దెన పేర ప్రచారంలో ఉన్న సుమతి శతకం మరీ చిత్రం. కాపురముండదగిన ఊరి లక్షణాలు చెబుతూ అప్పిచ్చేవాణ్ని వైద్యుడి కన్నా ముందు నిలబెడుతుంది. అదే శతకం మరోచోట అప్పు చేసి వెలగబెట్టే వైభవం చివరికి కొంప ముంచుతుందంటుంది. బళ్లో ఈ రెండు పద్యాలూ వల్లించిన పిల్లలకు తేడా తట్టదు. పెద్దయ్యాక వడ్డీ కట్టేటప్పుడు తడుతుంది. 1959లో వచ్చిన విజయా వారి సినిమాకు 'అప్పుచేసి పప్పుకూడు' అన్న సామెత పేరుగా పనికొచ్చిందంటే ఆ రెండు పద్యాల మధ్యే తెలుగు సంసారం నలుగుతోందని అర్థం.

కృష్ణదేవరాయలు మాత్రం రాజు కాబట్టి ఖర్చు తెలిసి రాశాడు. ఆముక్తమాల్యదలో రాజ్యపు రాబడిని నాలుగు పాళ్లు చేసి రెండు పాళ్లు సైన్యానికి, ఒకటి దానభోగాలకు, ఒకటి బొక్కసానికి అని పంచాడు. అంతకన్నా ముచ్చటైన పొదుపు అదే కావ్యంలో విష్ణుచిత్తుడి వంటింట్లో ఉంది. ముసురు పట్టిన రోజుల్లో అతిథులకు వడ్డించేది వడియాలు, వరుగులు. వేసవిలో ఎండబెట్టి దాచినవన్నమాట. పొయ్యిలో పొగ రాకుండా కొబ్బరి చిప్పలు వంటచెరకు. ఎండ కాసినప్పుడు దాచి, వాన పట్టినప్పుడు పంచడం. పద్యం రాసింది చక్రవర్తే అయినా ఆ పొదుపు గృహిణిది. అందులో పిసినారితనం వాసన కూడా లేదు, ఎందుకంటే దాచింది తాను తినడానికి కాదు. ఆ కావ్యంలోనే రాయలు అడవి జనం గురించీ చెప్పాడు. వాళ్ల మీద కోపం తెచ్చుకుని రాజు సాధించేదేమీ లేదని, ఆదరణతో, ఇచ్చిన మాట నిలుపుకోవడంతో వాళ్లను దగ్గర చేసుకోవాలని. బస్తర్‌లో పనిచేసిన పాలకులంతా చదివి ఉండాల్సిన పేజీలవి.

విష్ణుచిత్తుడి ఇంటి పద్ధతి గీదం చుట్టుపక్కల ఇప్పటికీ నడుస్తుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారుజామునే ఇప్పచెట్ల కింద రాలిన పువ్వు ఏరుతారు. ఎండబెడతారు. చింతపండు గింజ తీసి ముద్ద కడతారు. ఎండిన సొరబుర్ర నీళ్ల కుండ. అడ్డాకు కుడితే విస్తరి, దొన్నె. జీలుగు చెట్టున్న ఇల్లు ఆస్తి ఉన్న ఇల్లే. పారేసే వస్తువంటూ దాదాపు ఉండదు. దీన్ని దుబారా అనేవాడి లెక్కలో ఏదో తప్పుంది.

తప్పు సంతలో తెలుస్తుంది. సీజన్లో పువ్వు అందరి దగ్గరా ఉంటుంది కనుక ధర పడిపోతుంది. నిలవ చేసుకోవడానికి చోటు లేక, చేతి ఖర్చుకు డబ్బు లేక అప్పుడే అమ్మేస్తారు. వానాకాలంలో అదే పువ్వును ఎక్కువ ధరకు వ్యాపారి దగ్గర కొనుక్కుంటారు. బస్తర్‌లో దశాబ్దాల పాటు సారపప్పు ఇచ్చి ఉప్పు తీసుకున్నారు. తెలుగిళ్లలో పాయసంలోకి లెక్కపెట్టి వేసే సారపప్పుకి బదులు ఉప్పు. వినిమయంలో ఆ మోసం ఇక్కడి ప్రతి మాటలోనూ ఉపమానంగా మిగిలిపోయింది. 1999లో అప్పటి బస్తర్ జిల్లా యంత్రాంగం 'ఇమ్లీ ఆందోళన్' పేరుతో గ్రామ బృందాల ద్వారా చింతపండు కొనుగోలుకు దిగింది అందుకే. పొదుపు చేయడం రాక కాదు, చేసిన పొదుపు నిలవడానికి గోదాము లేక పేదరికం. ఈ మాట చెప్పడానికి శతకకారులెవరికీ తీరిక దొరకలేదు.

రైలుమార్గం రెండో కొసన ఉన్న విజయనగరంలో మాత్రం లెక్కలు సూటిగా చూసే రచయితలు పుట్టారు. గురజాడ 'కన్యాశుల్కం' 1892లో రంగస్థలం ఎక్కింది, 1897లో అచ్చయింది, 1909లో పెరిగిన రూపంతో మళ్లీ వచ్చింది. లుబ్ధావధాన్లు పేరులోనే లోభం ఉంది. అగ్నిహోత్రావధాన్లు రెండో కూతురు సుబ్బికి 1800 రూపాయలు బేరం. ఇంతలో అంతకన్నా చవకలో పిల్ల దొరుకుతుందంటే ఆయన అటు తిరుగుతాడు. తీరా చూస్తే ఆ పిల్ల ఆడవేషం కట్టిన కుర్రాడు. లోభిని గురజాడ తిట్టలేదు, బేరమాడనిచ్చాడు. బేరమే ఆయన్ని ముంచింది. పసిపిల్లల పెళ్లి సంతలో ధర తగ్గించుకోవడాన్ని పొదుపని పిలుచుకునే సమాజం మీద అంతకన్నా చేదైన నవ్వు తెలుగులో లేదు.

అదే ఊరి చాగంటి సోమయాజులు (1915-1994) ఇంకా కిందికి దిగాడు. 'కుంకుడాకు' కథలో పేదపిల్ల పొయ్యిలోకి రాలిన ఆకులు ఏరుకుంటుంది. ఎవరికీ పనికిరాని చెత్త ఏరడం కన్నా పొదుపు ఏముంటుంది? అయినా దొంగతనం అంటగట్టి కొడతారు. అడవిలో పుల్లలు ఏరినందుకు కేసు మోసిన బస్తర్ ఆడవాళ్లకు ఈ కథ చదివి వినిపించే పని లేదు. అది వాళ్లకు తెలిసిన కథే.

పొదుపు అన్న మాటకు 1990లలో కొత్త అర్థం వచ్చింది. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతుల నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమం సద్దుమణిగాక, 1993లో అదే జిల్లాలో 'పొదుపు లక్ష్మి' మొదలైంది. మగవాళ్ల సారాకు పోయే డబ్బును ఆడవాళ్లు దాచుకోవడం. దాచినవాళ్లు పిసినార్లు కారు, లక్ష్ములు. సాహిత్యం శతాబ్దాల పాటు ఇవ్వని గౌరవం ఒక పథకం పేరుతో దక్కింది. తర్వాతి కథ అంత అందంగా లేదు. ఈ సంఘాల మీద వారం వారం కిస్తీ పద్ధతితో సూక్ష్మరుణ సంస్థలు వాలాయి. ఒక అప్పు తీర్చడానికి మరో అప్పు. వసూళ్ల వేధింపులు, ఆత్మహత్యల వార్తల నడుమ 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. సుమతి శతకంలోని రెండు పద్యాలూ ఒకేసారి నిజమయ్యాయి.

ఆ మరుసటి ఏడాదే ప్రణాళికా సంఘం సుప్రీంకోర్టుకు ఇచ్చిన అఫిడవిట్‌లో పేదరికపు హద్దు గీసింది. రోజుకు పట్టణంలో 32 రూపాయలు, పల్లెలో 26 రూపాయలు ఖర్చు పెట్టగలిగితే పేద కాదట. దేశమంతా గగ్గోలు పెట్టింది. క్రీడాభిరామంలో ఓరుగల్లు పూటకూళ్ల ఇంట్లో ఒక్క రూకకు సన్నబియ్యం అన్నం, నెయ్యి, పిండివంటలతో భోజనం దొరుకుతుంది. ధరతో పాటు విస్తట్లో ఏముందో చెప్పే మర్యాద ఆ పాత కావ్యానికి ఉంది. అఫిడవిట్‌లో ధర మాత్రమే జనం కంట పడింది.

ఇంతకూ బస్తర్‌కు సొంత కావ్యం లేదా? ఉంది. జగదల్‌పూర్, కొండగావ్ ప్రాంతాల్లో హల్బీ భాషలో పాడే లఛ్మీ జగార్ అది. పాడేవాళ్లు గురుమాయిలు, అందరూ ఆడవాళ్లే. రోజుల తరబడి సాగుతుంది. ఆస్ట్రేలియా మానవశాస్త్రవేత్త క్రిస్ గ్రెగరీ, కొండగావ్ రచయిత హరిహర్ వైష్ణవ్ కలిసి గురుమాయి సుక్‌దాయి పాడిన పాఠాన్ని 2003లో పుస్తకంగా తెచ్చారు. అందులో లక్ష్మి బంగారు నాణేలు కురిపించే దేవత కాదు. ఆమె వరి. వానలో పుట్టి, 21 మంది రాణులున్న నారాయణుడి ఇంటికి కోడలిగా వస్తుంది. కలిమి అంటే పండిన గింజ, లేమి అంటే ఖాళీ గాదె. నడుమ రూక గానీ టంకం గానీ లేదు.

పొరుగున ఒడిశాలో 16వ శతాబ్దపు బలరామదాసు రాసిన లక్ష్మీపురాణం ఇంకా ఘాటు. అంటరాని స్త్రీ శ్రీయా ఇంటికి వెళ్లిందని అన్నగారి మాట విని జగన్నాథుడు లక్ష్మిని వెళ్లగొడతాడు. దేవుళ్లిద్దరూ పన్నెండేళ్లు బిచ్చమెత్తి, ముద్ద దొరక్క, చివరికి ఆమె ఇంటి అన్నమే తింటారు. మార్గశిర గురువారాల్లో ఒడియా ఇళ్లలో చదివే కథ ఇది. ఆ వారాన్ని లక్ష్మివారమని పిలుచుకునే తెలుగువాళ్ల కావ్యాల్లో మాత్రం దేవుడికి బిచ్చం నేర్పిన లక్ష్మి కనబడదు.

జగార్‌కు వాయించే వాద్యం పేరు ధన్‌కుల్. బోర్లించని మట్టికుండ మూతి మీద చేట, చేట మీద ఆనించిన విల్లు, గీకడానికి వెదురు పుల్ల. అన్నీ ఇంట్లోవే. కొత్తగా కొనాల్సింది ఏదీ లేదు. పాట అయిపోయాక చేట మళ్లీ బియ్యం చెరగడానికి పోతుంది.